కత్తి ఎవరి చేతిలో ఉందో కోడికి అక్కర్లేదు

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. పెరట్లో కోళ్ళు పెంచుతావని, కొన్నాళ్ళయ్యాక మేకల్ని కూడా తెచ్చుకుంటావని, ఇకమీదట తినేదేదైనా నీ చేత్తోనే కోసుకుంటావని రాశావు. "మాంసం తినేవాళ్ళు ఒక్కసారైనా కోయగలగాలి, లేకపోతే తినే హక్కు లేదు" అన్నావు. మాట బాగుంది. వినగానే ఎవరైనా అవునంటారు. ఇన్నేళ్ళుగా కోళ్ళను పెంచి, కోసి, వండిపెట్టినదాన్ని, నేను మాత్రం అనలేకపోతున్నాను.

ఎందుకంటే ఆ మాటలో కోడి లేదు. నీ ధైర్యం ఉంది, నీ నిజాయితీ ఉంది, నీ హక్కు ఉంది. కత్తి ఎవరు పట్టుకున్నారో, పట్టుకున్నవాళ్ళు ఏడ్చారో లేదో కోడికి అక్కర్లేదు. బతికినన్నాళ్ళు ఎలా బతికింది, చివర్లో ఎంతసేపు భయపడింది, ఎంతసేపు నొప్పి పడింది. దానికి సంబంధించినవి ఇవే. చేయి తిరిగిన మనిషి వేరే ఏదో ఆలోచిస్తూ ఒక్క వేటుతో పని ముగిస్తే, కన్నీళ్ళు పెట్టుకుంటూ వణికే చేత్తో మొద్దు కత్తి ఆడించే నీకన్నా ఆ మనిషే కోడికి మేలు చేసినట్టు. నొచ్చుకోకు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను.

"మనం పెంచకపోతే ఇవి పుట్టేవే కావు కదా, బతుకు ఇచ్చింది మనమే కదా" అని కూడా రాశావు. ఇది పాత వాదనే. 1914లో హెన్రీ సాల్ట్ అనే ఇంగ్లీషు రచయిత దీన్ని చక్కగా కొట్టిపారేశాడు. పుట్టనిదానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అలాంటప్పుడు పుట్టించి ఉపకారం చేశాం, ఆ ఉపకారానికి బదులు ప్రాణం తీసుకుంటాం అనడం ఎలా కుదురుతుంది? నిన్ను కన్నందుకు నాకెంత బాకీ ఉన్నావని నేనెప్పుడైనా లెక్క అడిగానా? పుట్టించినవాళ్ళకు బాధ్యత మొదలవుతుంది, అంతే.

అవసరం అనే మాట కూడా వాడకు. మాంసం ముట్టకుండా ఆరోగ్యంగా బతికేవాళ్ళు కోట్లమంది ఉన్నారు. పాలూ గుడ్లూ కూడా మానేస్తే బి12 విటమిన్ విడిగా తీసుకోవాలి, మిగతాది కాస్త చూసుకుని తింటే సరిపోతుంది. వేరే తిండి దొరకని చోట ఉన్నవాళ్ళ సంగతి వేరు. నువ్వూ నేనూ తినేది రుచి కోసం, అలవాటు కోసం. అలా ఒప్పుకుని తినడం వల్ల తప్పు తగ్గదు గానీ, మనకు మనం అబద్ధం చెప్పుకోవడం తగ్గుతుంది.

నువ్వు ప్రస్తావించిన ఇంగ్లీషు తత్వవేత్త బెంథమ్ మాట నాకూ ఇష్టమే. జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అని ఆయన 1789లో రాశాడు. అందరూ అంతవరకే చెబుతారు. అదే చోట ఆయన జంతువుల్ని తినడాన్ని తప్పు పట్టలేదన్న సంగతి ఎవరూ ఎత్తరు. మన చేతిలో వాటికి వచ్చే చావు ప్రకృతిలో వచ్చేదానికన్నా త్వరగా ముగుస్తుంది, కాబట్టి బాధ తక్కువ అన్నాడు. నిజమే, నక్క నోట్లో పడిన కోడిని చూస్తే ఎవరైనా ఆయనతో ఏకీభవిస్తారు. కానీ త్వరగా ముగుస్తుందని ఆయన ధీమాగా రాసేశాడు, కత్తి పట్టింది ఆయన కాదు. ముగించాల్సింది నువ్వు. నువ్వు ఆ పని నేర్చుకోకపోతే ఆయన వాదన నీకు చెల్లదు.

చావు సంగతి తర్వాత చెబుతాను, ముందు బతుకు. పెరట్లో పెంచినంత మాత్రాన మంచి బతుకు అయిపోదు. ఇరుకు గూట్లో, తడిసిన పెంట మీద, పేలు పట్టి కుంటుతున్న కోడికి అది పెరడైతే ఏమిటి, ఫారమైతే ఏమిటి? 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ ఏ జంతువుకైనా లేచి నిలబడడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి, కాళ్ళూ రెక్కలూ చాపుకోవడానికి చోటుండాలని చెప్పింది. ఇంత చిన్న కోరికను ప్రభుత్వ కమిటీ చెప్పాల్సి వచ్చిందంటేనే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకో. తర్వాత 1979లో అవే ఐదు స్వేచ్ఛలయ్యాయి: ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పీ జబ్బూ, భయం ఉండకూడదు, తన సహజమైన పనులు తను చేసుకోగలగాలి. కోడికి సహజమైన పనులంటే నేల కెలకడం, దుమ్ములో పొర్లడం, చీకటి పడగానే ఎత్తైన కొమ్మో కర్రో ఎక్కి కూర్చోవడం, గుడ్డు పెట్టేటప్పుడు మూల వెతుక్కోవడం. ఇవి లేకుండా నువ్వు పెట్టే మంచి మేత ఒక్కటే చాలదు.

ఏ రకం కోడి తెస్తావన్నది అంతకన్నా ముఖ్యం. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ పిల్లల్ని తెచ్చి పెరట్లో వదిలితే సుఖంగా ఉంటాయనుకోకు. కెనడాలో ఒక పరిశోధనలో 1957 నాటి రకాన్నీ 2005 నాటి రకాన్నీ ఒకే మేత పెట్టి పెంచారు. 56 రోజులకు పాతది 900 గ్రాములు, కొత్తది 4 కిలోలు దాటింది. ఆ బరువు మోయడానికి కాళ్ళూ గుండే సరిపోవు. ఫారాల్లో వాటిని ఆరేడు వారాలకే కోసేస్తారు. జాలిపడి ఇంకా బతకనిస్తే చాలావాటికి నడవడమే కష్టమవుతుంది. పుట్టుకలోనే ఉన్న కష్టాన్ని నీ పెరడు తీసేయలేదు. నెమ్మదిగా పెరిగే రకం తెచ్చుకో, మాంసం తక్కువైనా సరే.

గుడ్ల కోసం పెట్టలే కొంటానన్నావు. వాటితోపాటు పొదిగిన మగపిల్లలు ఏమవుతాయో అడిగావా? గుడ్ల జాతుల్లో పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికీ లాభం రాదు. చాలా దేశాల్లో హేచరీలు, అంటే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్ళు, వాటిని పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దాన్ని నిషేధించింది. నువ్వు పెట్టల్ని మాత్రమే కొంటే ఆ చావుల్లో నీకూ వాటా ఉంది, అవి నీ కంటపడవు అంతే. మగవీ ఆడవీ కలిపి తెచ్చుకుని, పుంజుల్ని కాస్త పెరిగాక కూరకు వాడుకుని, పెట్టల్ని గుడ్లకు ఉంచుకోవడం నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. అప్పుడు గుడ్లు తగ్గిన ముసలి పెట్టల్ని ఏం చేస్తావన్నది ఇంకో ప్రశ్న. కోళ్ళు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి. మేత వేస్తూ ఉంచుకుంటావో, కోస్తావో ఇప్పుడే తేల్చుకో. "ఎవరికైనా ఇచ్చేద్దాంలే" అనేది దయ కాదు, కత్తి ఇంకొకరి చేతికి ఇవ్వడం.

జబ్బు చేస్తే వైద్యం చేయించు. రేపో మాపో కోసేదానికి ఖర్చెందుకనే మాట చాలామంది నోట విన్నాను. రేపు తినబోతున్నాం కదా అని ఇవాళ్టి నొప్పి తగ్గదు కదా. మందులు వాడితే, వాటి ప్రభావం పోయేందుకు డాక్టరు చెప్పిన గడువు దాటాకే గుడ్లూ మాంసమూ వాడు. ఉన్నట్టుండి కోళ్ళు చచ్చిపోతుంటే ఆ మాంసం ముట్టకు, బర్డ్‌ఫ్లూ కావచ్చు, వెంటనే పశువైద్యులకు చెప్పు. ఇంట్లో కోసుకోవడానికి మీ దగ్గర ఏ నియమాలున్నాయో కూడా ముందే కనుక్కో.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన నీ ప్రశ్న. చేత్తో మేత పెట్టి మాలిమి చేసుకున్నదాన్ని అదే చేత్తో కోయడం నమ్మకద్రోహం కాదా అన్నావు. ద్రోహమే. దానికి వేరే పేరు నాకు దొరకలేదు. కొందరు దీన్ని తప్పించుకోవడానికి కోళ్ళకు దగ్గరవ్వరు, పేరు పెట్టరు, మేత విసిరి వెళ్ళిపోతారు. వాళ్ళకు అది తేలిక. కానీ దగ్గరగా చూడనివాళ్ళకు కోడి కుంటడం కనిపించదు, ముడుచుకుని కూర్చోవడం కనిపించదు. ఎత్తుకోవడం అలవాటు లేని కోడిని చివరి రోజున వెంటబడి పట్టుకోవాలి, ఆ పరుగే దానికి పెద్ద నరకం. అలవాటైన కోడి చంకలో ఊరికే కూర్చుంటుంది, తన ప్రాణం పోబోతోందని తెలియకుండా. ఆ నమ్మకాన్ని వాడుకుంటున్నానని నాకు ప్రతిసారీ తెలుసు. కానీ నా మనసు తేలికవ్వడం కోసం దాన్ని భయపెట్టడం కన్నా ఇదే నయం. ఇంట్లోనే కోయడంలో ఉన్న అసలు మేలు కూడా ఇదే: బండి ఎక్కించడం లేదు, కొత్త చోటు లేదు, గంటల తరబడి పంజరంలో ఎదురుచూపు లేదు.

పని నేర్చుకోవడం దగ్గరికొస్తే, ముందు బాగా తెలిసినవాళ్ళ పక్కన నిలబడి చూడు. చచ్చిన కోడి మెడ మీద వేలు పెట్టి నాళాలు ఎక్కడున్నాయో గుర్తుపట్టు. మొదటి కొన్నిసార్లు వాళ్ళ చేయి నీ చేతి పక్కనే ఉండాలి. ముందు రాత్రి నుంచి మేత ఆపు, నీళ్ళు ఆపకు. పొట్ట ఖాళీగా ఉంటే పేగులు తెగినా మాంసం పాడయ్యే అవకాశం తగ్గుతుంది. తెల్లవారకముందే గూట్లోంచి తీసుకో, చీకట్లో కోళ్ళు శాంతంగా ఉంటాయి. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా మోయకు. పక్షులకు మనకున్నట్టు పొట్టకూ ఊపిరితిత్తులకూ మధ్య అడ్డుపొర ఉండదు, లోపలి బరువంతా ఊపిరి మీద పడుతుంది. రెక్కలు కదలకుండా ఉండడానికి గరాటులాంటి దానిలో తలకిందులుగా పెడతారు గానీ, అది కోసే క్షణంలోనే.

దవడ కిందుగా మెడకు రెండు వైపులా ఉన్న నాళాలు రెండూ ఒకే కోతలో తెగాలి. ఒక వైపే తెగితే స్పృహ పోవడానికి చాలాసేపు పడుతుంది. రెండూ తెగినా క్షణాల్లో పోతుందని హామీ లేదు, అందుకే ముందు స్పృహ తప్పించి ఆ తర్వాత కోయడమే మేలని జంతు సంక్షేమ నిపుణులు చెబుతారు. ఆ పద్ధతి కూడా నేర్చుకో. తర్వాత రెక్కలు కొట్టుకుంటుంది. స్పృహ పోయాక కూడా నరాల వల్ల ఆ కదలిక ఉంటుంది, జడుసుకోకు. అలాగని కదలికంతా అదేలే అని ధైర్యమూ చెప్పుకోకు. కంటిని వేలితో తాకి చూడు, రెప్ప కదిలితే దానికింకా తెలుస్తూ ఉండొచ్చు. ఊపిరి పూర్తిగా ఆగిందని చూసుకోకుండా వేడినీళ్ళలో ముంచకు. ఈకలు పీకడం, కడుపు తీయడం నీకు చూస్తే వచ్చేస్తుంది.

మేకల జోలికి ఇప్పుడే వెళ్ళకు. మేక మందలో బతికే జీవి. ఒంటరిగా తీసుకెళ్తే బెదిరిపోతుంది, తోడుగా ఇంకో మేకను ఉంచితే అది ఈ చావును చూస్తూ నిలబడాలి. దీనికి నాకు మంచి జవాబు లేదు. బాగా బెదిరి, పెనుగులాడి చచ్చిన మేక మాంసం నల్లబడి జిగటగా అవుతుంది, త్వరగా చెడుతుంది. కండరాల్లో నిల్వ ఉన్న చక్కెర ముందే ఖర్చైపోతే కావలసినంత ఆమ్లం తయారుకాదు, అందుకు. టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కబేళాల్లో పశువులు ఎక్కడ ఆగిపోతున్నాయో తెలుసుకోవడానికి తానే ఆ దారిలో వాటి ఎత్తులో వంగి నడిచి చూసింది. వేలాడే గొలుసు, నీటి గుంటలో మెరుపు, గాలికి ఊగే గుడ్డ. మనం గమనించనివే వాటిని ఆపేస్తున్నాయి. మేకను తెచ్చే ముందు నీ పెరట్లో నువ్వూ ఒకసారి అలా వంగి చూడు.

పాపకు ఏం చెప్పాలని అడిగావు. నిజం చెప్పు. కోడి ఎక్కడికో వెళ్ళిపోయిందని కథలు చెప్పి సాయంత్రం కూర వడ్డించకు. చూస్తానంటే వయసు చూసుకుని చూడనీ, వద్దంటే బలవంతపెట్టకు. తిననంటే తినిపించకు, ఆ పిల్ల మనకన్నా ముందే ఒక నిర్ణయానికి వచ్చిందేమో. పేరు పెడతానంటే పెట్టనీ. కానీ ఏదైనా కోడిని కోయవద్దని అడిగి, నువ్వు సరే అన్నావంటే మాత్రం, అది గుడ్లు మానేశాక కూడా, ముసలిదై తనంతట తను చనిపోయేదాకా మేత వేయాలి. గూడు కట్టేటప్పుడే అలాంటి ఒకటి రెండింటికి ఎక్కువ చోటు వేసుకో.

ఉంటాను,
అమ్మ