ఇత్తడి సర్పాన్ని దాటేసిన వ్యాసం

సంపాదకులకు,

పాత నిబంధనలోని ముంగుర్తుల గురించి మీ ఆదివారం భక్తి పేజీలో వచ్చిన వ్యాసం, నోవహు ఓడ మొదలు యెరికో పతనంలో తన ఇల్లు నాశనం కాకుండా రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని తాడు దాకా ఎన్నింటినో క్రీస్తు రక్షణకు ఛాయలుగా వివరించి, స్వయంగా యేసే తనకు అన్వయించుకున్న ఇత్తడి సర్పాన్ని మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టింది. ఎర్రని తాడును ప్రభువు రక్తానికి గుర్తుగా చెప్పినది మొదటి శతాబ్దం చివరి నాటి రోమా సంఘ పెద్ద క్లెమెంతు. ఎంత పాత వ్యాఖ్యానమైనా అది సువార్తల్లోని మాట కాదు. అరణ్యంలో మోషే సర్పాన్ని ఎత్తినట్లే మనుష్యకుమారుడూ ఎత్తబడవలెనని యూదుల పెద్ద నికొదేముతో యేసు అన్న మాటకూ ఈ వ్యాఖ్యానానికీ ఒకే తూకం వేయడం సరికాదు.

సంఖ్యాకాండం 21వ అధ్యాయం నిదానంగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఎదోమును చుట్టి పోవలసి వచ్చి విసిగిన ఇశ్రాయేలు ప్రజలు దేవునిపైనా మోషేపైనా సణిగారు; దేవుడు వారిమీదికి విషసర్పాలను పంపాడు. పాము కాట్లకు అనేకులు చనిపోయాక వారు వేడుకున్నది పాములను తొలగించమని. దేవుని మాట ప్రకారం మోషే ఇత్తడి సర్పాన్ని చేసి స్తంభంమీద పెట్టాడు. ఆ పాములు వెళ్లిపోయాయని కథ ఎక్కడా చెప్పదు. కాటు తిన్నవాడు స్తంభంమీది సర్పాన్ని చూసి బతికాడని మాత్రమే చెబుతుంది. చావు దరిచేరకుండా అడ్డుకోవడం కాక, చావు పట్టిన మనిషికి ప్రాణం పోయడం, అదీ చంపిన దాని రూపాన్నే పైకెత్తి పోయడం ఇందులోని విశేషం. సిలువను గురించి క్రైస్తవులు నమ్మేదీ ఇదే కనుక ఈ పోలిక తాడు రంగును బట్టి తెచ్చిన పోలిక వంటిది కాదు.

అలాగని ఈ కథపై ఆలోచించినది క్రైస్తవులే అనుకోకూడదు. చంపేదీ బతికించేదీ పామేనా అని ప్రశ్నించుకున్న యూదు గురువులు, ప్రజలు పైకి చూసి పరలోకమందున్న తండ్రికి హృదయాలను లోబరచినప్పుడే స్వస్థత పొందారని తమ మౌఖిక ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో జవాబిచ్చారు. ఆ సర్పానికే ధూపం వేయడం మొదలైతే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించిన ఘట్టం రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది; ముంగుర్తుల మీద ప్రసంగాలు చేసేవారు ఎందుకో అంతదాకా రారు.

పస్కా గొర్రెపిల్ల, యోనా మూడు దినాలు వంటి కొత్త నిబంధనే చెప్పిన సూచనలేవో, తర్వాతి వ్యాఖ్యాతలు జోడించినవేవో ఇకమీదటి వ్యాసాల్లో అధ్యాయం, వచనంతో సహా విడదీసి చూపవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు