రిఫరెన్సులు డీటీపీ సెంటర్ పని కాదు

సంపాదకులు గారికి,

వైద్య విద్యలో పీజీ చేస్తున్నవారు థీసిస్ సమర్పించే గడువు దగ్గర పడిందంటే మా ఒంగోలులోనూ, అటు నెల్లూరులోనూ డీటీపీ సెంటర్లకు ఊపిరి సలపదు. టైపింగు, బైండింగు, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు వాళ్లు చేయవలసిన పనులే, చక్కగా చేస్తారు కూడా. అయితే థీసిస్ చివర ఉండే రిఫరెన్సుల (ఆధారంగా తీసుకున్న వ్యాసాల) పట్టికను సరిచేసే బాధ్యత సైతం వాళ్లకే అప్పగించడం కొంతకాలంగా మామూలైపోయింది. ఆ థీసిస్‌నే కుదించి ఏదైనా మెడికల్ జర్నల్‌కు పంపేటప్పుడు ఆ పట్టికే అచ్చంగా అలాగే వెళుతోంది. వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిగా ఈ అలవాటు గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలిచాను.

రిఫరెన్సులు రాయడంలో వైద్య పత్రికలు ఎక్కువగా కోరేది వాంకూవర్ పద్ధతి. 1978లో కెనడాలోని ఆ నగరంలో కొన్ని వైద్య పత్రికల సంపాదకులు సమావేశమై, రాతప్రతులన్నింటికీ ఒకే రకం నియమాలు ఉండాలని తలపెట్టారు. ఆ బృందమే తర్వాత అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల కమిటీగా ఎదిగింది. వ్యాసంలో ముందుగా ప్రస్తావనకు వచ్చిన ఆధారానికి ఒకటో అంకె, తర్వాత వచ్చినదానికి రెండో అంకె. అదే ఆధారం మళ్లీ ఎక్కడ వచ్చినా పాత అంకే. పట్టికలో రచయిత పేరు, పక్కన చుక్కలు లేని పొడి అక్షరాలు, వ్యాస శీర్షిక, పత్రిక పొట్టిపేరు, సంవత్సరం, సంపుటి, పేజీలు వరుసగా రావాలి. రచయితలు ఆరుగురిని మించితే మొదటి ఆరుగురి పేర్లు రాసి ‘ఎట్ ఆల్’ (తదితరులు) అంటారు. కొన్ని పత్రికలు ముగ్గురితోనే ఆపమంటాయి కనుక, పంపబోయే పత్రిక రచయితలకు ఇచ్చిన సూచనలను ముందుగా చదువుకోవాలి. నియమాల మటుకు ఇంతే, ఒక పూటలో పట్టుబడతాయి.

చిక్కంతా ఆ పట్టికలోకి ఎక్కే వివరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న దాంట్లో ఉంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు) మీద ఎవరు రాయబూనినా తొలి పేరాలోనే షార్ట్ అనే వైద్య పరిశోధకుడు 1937లో చేసిన పరిశోధనను ఉదహరిస్తారు. ఉదహరించవలసిందే. మన దేశంలో ఈ వ్యాధి తొలిసారి వైద్య గ్రంథస్థమైంది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ మూడు ప్రాంతాలూ నెల్లూరులో భాగమే. అయితే ఆ ఒక్క ఏడాదిలోనే షార్ట్ మొదటి రచయితగా ఫ్లోరోసిస్ మీద రెండు వ్యాసాలు వెలువడ్డాయి. మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్‌లతో కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్ గురించి రాసినది ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో వచ్చింది. పండిట్, రాఘవాచారిలతో కలిసి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాసినది ఇండియన్ మెడికల్ గెజెట్ 72వ సంపుటిలో వచ్చింది. మొదటిదానికి పట్టికలో నలుగురి పేర్లూ, శీర్షికా రాశాక ‘ఇండియన్ జె మెడ్ రెస్. 1937;25:553-68’ అని ఉండాలి. నా కంటబడిన రాతప్రతుల్లో ఒక వ్యాసం శీర్షికకు రెండోదాని పత్రిక పేరు తగిలించినవీ, నలుగురిలో ఇద్దరిని మింగేసినవీ ఉన్నాయి. ఇది టైపు చేసిన కుర్రవాడి తప్పు కాదు. వ్యాసకర్త అసలు వ్యాసాన్ని తెరవకుండా మరొకరి పట్టికలోంచి ఎత్తి రాసుకున్నాడు, ఆ మరొకరు ఇంకెవరి దగ్గరో ఎత్తి రాసుకున్నారు. గెజెట్ పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ వైద్య వ్యాసాల భాండాగారంలో ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఈ అరువు రాతకు సాకు లేదు.

పేర్ల దగ్గర తెలుగువారికి ఇంకో పేచీ ఉంది. ఫాస్ఫరస్‌ను కొలిచే విధానం మీద ఫిస్క్‌తో కలిసి ఎల్లాప్రగడ సుబ్బారావు గారు రాసిన వ్యాసం 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది, నేటికీ ఉదాహరణకు వస్తూనే ఉంది. రిఫరెన్సుల్లో ఆయన ‘సుబ్బారావ్ వై’. అసలు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై కూర్చుంది. మన పద్ధతి తెలిసినవారు ఎవరైనా సదుద్దేశంతోనే దీన్ని ‘ఎల్లాప్రగడ ఎస్’ అని దిద్దితే, ఆ పేరుతో వెతికేవారికి వ్యాసం చిక్కదు. అచ్చులో ఎలా ఉందో అలాగే రాయాలి. తమ సొంత పేరు విషయంలోనైతే కుర్ర డాక్టర్లు తొలి వ్యాసానికే ఒక రూపం ఖాయం చేసుకుని చివరిదాకా దానికే కట్టుబడి ఉండటం మేలు.

చూడకుండా ఉదహరించడం వల్ల ఏమంత నష్టమని అడిగేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదే వాక్యాలున్న ఒక లేఖ వచ్చింది. ఆసుపత్రిలో చేరి, నల్లమందు జాతి నొప్పిమందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురికే వ్యసనం పట్టుకున్నట్లు తేలిందని దాని సారాంశం. ఆ లేఖను ఎవరెవరు ఎలా వాడుకున్నారో లెక్క తీసి 2017లో అదే పత్రికలో ప్రచురించారు. ఉదహరించిన 608 వ్యాసాల్లో 72 శాతం పైగా ఈ మందులతో వ్యసనం అరుదు అనడానికి దాన్నే రుజువుగా చూపాయి. అది ఆసుపత్రిలో ఉన్న రోగులకు సంబంధించిన లెక్క అన్న మాటను 80 శాతం పైగా ప్రస్తావించనే లేదు. ఆ వ్యాసాల్లోనూ అంకె, సంపుటి, పేజీ పద్ధతిగానే ఉండి ఉంటాయి. అయిదు వాక్యాలు చదివే ఓపిక మాత్రం లేకపోయింది.

అంకెల వరుసను చేత్తో సరిచేయబోతే మధ్యలో ఒక్క ఆధారం చేర్చగానే కిందివన్నీ మారిపోతాయి. ఆ తలనొప్పి లేకుండా అంకెలను తానే సరిచేసే జొటేరో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలును డీటీపీ సెంటర్‌కు ఇచ్చి, వాళ్లు అందులోని పాఠాన్ని వేరే ఫైలులోకి ఎక్కించేసరికి ఆ సాఫ్ట్‌వేర్‌తో ఉన్న లంకె తెగిపోయి, మళ్లీ చేత్తో దిద్దడమే మిగులుతుంది. ఇక చాట్‌జీపీటీ వంటివాటిని అడిగి రిఫరెన్సులు రాయించుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కామాలూ చుక్కలూ తప్పకుండా, ప్రముఖ పత్రికల పేర్లతో, లోకంలో లేని వ్యాసాలను అవి సృష్టించి ఇస్తాయి. వ్యాసానికి ఉండే గుర్తింపు సంఖ్యలైన ప్రతి డీవోఐనీ, పబ్‌మెడ్ ఇచ్చే పీఎంఐడీనీ తెరిచి చూస్తే తప్ప బండారం బయటపడదు. అలా తెరిచినప్పుడే, ఉపసంహరించుకున్న వ్యాసమైతే ఆ విషయమూ అక్కడే తెలుస్తుంది.

మన రెండు జిల్లాల వైద్య కళాశాలలకు నా విన్నపం పెద్దదేమీ కాదు. పీజీ మొదటి ఏడాదిలోనే గ్రంథాలయంలో ఈ పని మీద రెండు మూడు తరగతులు పెట్టించాలి. గ్రంథాలయ సిబ్బంది సంతోషంగా చెబుతారు, వారిని అడిగేవారే తక్కువ. థీసిస్ మీద సంతకం పెట్టే ముందు గైడ్లు పట్టికలో తమకు తోచిన అయిదు అంకెలు ఎంచి, ఆ వ్యాసాలను అక్కడికక్కడే తెరిచి, వాటిలో ఏ వాక్యాన్ని ఆధారం చేసుకున్నారో చూపమని విద్యార్థిని అడగాలి. చూపలేకపోతే ప్రతిని బైండింగుకు పంపకుండా వెనక్కి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథాలయాధికారి,
ఒంగోలు