ఏ పరికరానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో లెక్క చూసుకుందాం

కాలనీ సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండ ఎండలకు కూలర్లు రాత్రంతా నడుస్తున్నందున బిల్లులు ఎందుకు పెరిగాయని చాలామంది అడిగారు కనుక ఈ లెక్క రాస్తున్నాను.

పరికరంపై ఉన్న వాట్లను అది నడిచిన గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 200 వాట్ల కూలర్ రోజుకు 10 గంటలు నడిస్తే 2 యూనిట్లు, అంటే నెలకు 60. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు నడిచి నెలకు దాదాపు 34 యూనిట్లు తీసుకుంటే, తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 14 లోపే సరిపోతాయి. ఫ్రిజ్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి, స్టార్ లేబుల్‌పై ఉన్న ఏడాది యూనిట్లను 12తో భాగించండి.

అసలు జాగ్రత్తపడవలసింది 200 యూనిట్ల దగ్గర. 2022లో అమలులోకి వచ్చిన స్లాబుల ప్రకారం 200 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 820 రూపాయలైతే, 201కి మొదటి యూనిట్ నుంచే ధర మారి 1027.70 రూపాయలవుతుంది, స్థిర ఛార్జీలు వేరు. నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం పొందుతున్న కుటుంబాలకైతే ఇది మరింత బాధాకరం, ఎందుకంటే 200 దాటిన నెలలో జీరో బిల్లు పోయి మొత్తం కట్టవలసి వస్తుంది.

అందుకే రీడింగ్ తీసిన రోజున మీటరు అంకెను రాసిపెట్టుకొని, పదిహేనో రోజున మళ్లీ చూడండి. అప్పటికే 100 దాటి ఉంటే మొదట గీజర్‌ను, కూలర్‌ను తగ్గించండి. లెక్క కుదరని వారు పరికరాల వాట్లు, గంటలు ఇక్కడ రాస్తే నేను చూసి చెబుతాను.