పల్నాటి వీరుల కథను పది నిమిషాలకు కుదించవద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో ప్రాణాలొదిలిన వీరుల జ్ఞాపకంగా, కార్తీక అమావాస్యకు మొదలై 5 రోజులపాటు పల్నాడులోని కారంపూడిలో జరిగే పల్నాటి వీరుల ఉత్సవాల ఫొటోలు ఏటా పత్రికల్లో వస్తాయి. కోడిపోరు నాడు ఎంత జనం వచ్చారో, ఏ నాయకులు దర్శనం చేసుకున్నారో కూడా వివరంగా వస్తుంది. ఆ ఉత్సవానికి ఊపిరిగా ఉన్న పాట గురించి, వీరుల కథను పాడుతూ ఆ పాటను తరతరాలుగా మోసుకొస్తున్న వీరవిద్యావంతుల గురించి మాత్రం చదివిన గుర్తు అరుదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది గురజాల దగ్గరి పల్లె. చిన్నప్పుడు మా నాయనమ్మ ఉత్సవాలకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. వీరుల గుడి దగ్గర, చేత కత్తి పట్టి కథ చెప్పే విద్యావంతుడి ఎదుట నేలమీద కూర్చునేవాళ్లం. తోలు తిత్తి శ్రుతి మీద పంబజోడు అనే జంట డోళ్లు మోగుతుండగా, మాచర్ల పక్షాన గురజాలకు రాయబారానికి వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషానికి బలయ్యే ఘట్టం రాగానే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవారు. ఎప్పుడో 12వ శతాబ్దంలో పోయిన వాడికోసం ఇప్పుడు ఏడవడం ఏమిటని నాయనమ్మను అడిగితే, ‘మన చర్లగుడిపాడేరా’ అని మాత్రం అంది. ఆ జవాబు అప్పట్లో నాకు అర్థం కాలేదు. గురజాల, మాచర్ల, మండాది, మేడపి, కారంపూడి అంటూ విద్యావంతుడు ఒక్కొక్క ఊరి పేరే చెప్పుకుంటూ పోతుంటే వినేవాళ్లందరికీ అవి చుట్టాలున్న ఊళ్లు, బస్సు దిగే ఊళ్లు. ఈ కథను వేరేచోట వినడానికీ ఇక్కడ వినడానికీ ఉన్న తేడా అదే.

ఈ ఉత్సవాన్ని నిలబెట్టింది ప్రధానంగా, వీరులను తరతరాలుగా కొలిచే ఆచారవంతులే. వీరుల పేరిట తమ ఇళ్లలో పూజలందుకునే కొణతాలనే ఆయుధాలను భుజాన పెట్టుకుని పల్నాటి పల్లెల నుంచే కాక ఇతర జిల్లాల నుంచీ, తెలంగాణ నుంచీ వారు తరలివస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఏ రోజు ఏ ఘట్టమో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. చివరిరోజు, యుద్ధ ఘట్టమైన కళ్లిపాడు నాడు వీరావేశంతో నేలకు ఒరిగే మనిషి తన తండ్రి, తాత ఎలా ఒరిగారో చూసి నేర్చుకున్నవాడు. కథ చెప్పే విద్యావంతుల్లో ఎక్కువమంది మాల కులస్థులు. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించి సేనానిని చేసిన కన్నమదాసూ ఆ కులంవాడే. కులం చూడకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడును మందపోరు నాడు నేటికీ వడ్డిస్తున్నారు. ఆ మాటను ఉపన్యాసాల్లో వాడుకునేవారు ఎందరో ఉన్నారు గానీ, దాన్ని కథలో భాగంగా పాడి మన చెవిన వేసిన వారికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదనే నా బాధ.

పుస్తకాలు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి, వాటి విలువ తక్కువది కాదు. శ్రీనాథుని పేరిట ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో పరిష్కరించి అచ్చు వేయించకపోతే చదువుకున్నవారికి ఈ కథ ఇంతగా చేరేది కాదు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు విద్యావంతుల నోట విన్న కథను ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో ప్రచురించారు. అయితే విద్యావంతుడు ఎక్కడ పాట ఆపి మాటలోకి దిగుతాడో, వంతపాటవాడు ఎక్కడ అందుకుంటాడో, పంబ దరువు ఎక్కడ మారితే జనం లేచి నిలబడతారో అచ్చులో కనబడదు. అది గురువు వెంట కొన్నేళ్లు తిరిగి, రాత్రుళ్లు మేలుకుని నేర్చుకునే విద్య. ఆ కుటుంబాల్లోని పిల్లలు గుంటూరుకో హైదరాబాదుకో కూలికీ కొలువుకూ వెళ్లిపోతుంటే వారిని తప్పుపట్టలేము, ఎందుకంటే ఈ విద్య ఏడాది పొడుగునా అన్నం పెట్టదు.

కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో జరిగిన సాంస్కృతిక కార్యక్రమంలో ఒక వృద్ధ విద్యావంతుడికి పది నిమిషాలు కేటాయించారు. ఆయన దేవతా ప్రార్థన ముగించి కథలోకి అడుగుపెట్టేసరికే మైకు ఆపి, శాలువా కప్పి పంపించారు. నిర్వాహకుల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కత్తి దించి వేదిక దిగుతున్న ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. శాలువా కన్నా, కథ పూర్తిగా వినే శ్రోతలు ఆయనకు కావాలి.

2003 నాటి యునెస్కో ఒడంబడికలో మన దేశం కూడా భాగస్వామి. ఇలాంటి వారసత్వాన్ని కాపాడే పనిలో దాన్ని పోషిస్తున్న సమాజాలకు వీలైనంత ఎక్కువ భాగస్వామ్యం ఉండాలని అందులో ఉంది. కనుక సాంస్కృతిక శాఖ ఏం చేసినా ముందుగా విద్యావంతులతో, ఆచారవంతులతో కూర్చుని మాట్లాడి చేయాలని మనవి. వారి అంగీకారంతో కథను ఘట్టం వెంట ఘట్టంగా, ఉత్సవం జరిగే చోటనే, జనం మధ్యనే పూర్తిగా రికార్డు చేయాలి. ఆ ప్రతులు రాజధానిలోని బీరువాలో ఉండిపోకుండా పాడినవారి ఇళ్లకూ కారంపూడికీ తిరిగి చేరాలి. నేర్పే గురువుకూ నేర్చుకునే శిష్యుడికీ చదువు పూర్తయ్యేదాకా నెలనెలా భృతి ఇవ్వాలి. ఒక్కరోజు సన్మానానికి పెట్టే ఖర్చును ఇటు మళ్లించినా చాలామేలు. 2022లో పల్నాడు పేరుతోనే జిల్లా ఏర్పడింది కాబట్టి, కనీసం ఈ జిల్లా బడుల్లోనైనా కార్తీకమాసంలో ఒక పూట విద్యావంతులను పిలిపించి పిల్లలకు కథ వినిపించడం అధికారులకు కష్టమైన పని కాదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. వచ్చే ఉత్సవాల్లో రాయబారం నాడు మీ విలేకరి అలరాజు కథ ముగిసేదాకా అక్కడే ఉండి, ఆ రోజు ఎవరెవరు ఏ ఘట్టం పాడారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వారి వెంట నేర్చుకుంటున్న పిల్లలు ఎందరున్నారో అడిగి తెలుసుకుని, వారి పేర్లతో సహా ఒక పూర్తి పుట ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పల్నాటి పాఠకుడు,
గురజాల