పిల్లకాయలు కలిపే ఓట్స్ డబ్బా

ఒరేయ్,

ఎట్లున్నారురా అందరూ? పాప పొద్దునపూట ఏమీ తినకుండానే స్కూల్ బస్సెక్కేస్తోందని చెల్లెమ్మ ఫోన్‌లో బాధపడింది. మా ఇంట్లోనూ అదే గోలగా ఉండేది, ఇప్పుడు లేదు, అందుకే వివరంగా రాస్తున్నా.

అంగట్లో ప్యాకెట్లలో వస్తుంది చూడు, వేడినీళ్లు పోసుకుని తినే ఓట్స్, దాన్ని ఇంట్లో పిల్లకాయలతోనే కలిపిస్తున్నాం. రోల్డ్ ఓట్స్ (అటుకుల్లా నొక్కినవి) కొను, స్టీల్ కట్ (నూకల్లా తరిగినవి) వద్దు, ఉత్త వేడినీళ్లకు అవి మెత్తబడవు. మూడు కప్పులు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు (పొయ్యి దగ్గర పని మాత్రం నీదే, వాళ్లని రానీకు), చల్లారాక ఒక కప్పు మిక్సీలో పిండి చేసి మిగతా రెండింటిలో కలిపెయ్. కిటుకంతా ఇక్కడే ఉంది. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది, నీళ్లు తగిలితే జిగురవుతుంది, పిండిలోంచి అయితే తొందరగా వస్తుంది, అందుకే ఉడికించకుండానే జావ చిక్కబడుతుంది. పిండి లేకుంటే అడుగున ఓట్స్, పైన నీళ్లు.

తీపి డబ్బాలోకి అర కప్పు పాలపొడి, యాలకుల పొడి, ఎండుద్రాక్ష, చిటికెడు ఉప్పు, పటికబెల్లం పొడి. మామూలు బెల్లం నాకు ప్రాణమే కానీ తేమకు గడ్డకడుతుంది, వేడిపాలు విరిగిపోవడమూ ఉంది. మా పెద్దది మామిడి తాండ్రని కత్తెరతో గోరంత ముక్కలు చేసి, అంటుకోకుండా ఓట్స్ పిండిలో దొర్లించి విడిగా దాస్తుంది, తినేటప్పుడు పైన వేసుకుంటాం. కారం డబ్బా చిన్నోడిది. మదనపల్లె టమాటా పల్చగా కోసి మిద్దె మీద మన తిరుపతి ఎండకు గలగలలాడేలా ఎండబెట్టి పొడి చేస్తాం, అందులో జీలకర్ర, మిరియాల పొడి, ఉప్పు. ఎండిన కరివేపాకుని వాడు గుప్పిట్లో పట్టి కరకర నలుపుతుంటే చూడాలి, ఆకు మొత్తం పొడయ్యేదాకా వదలడు! తనే కొలిచి కలిపిన ఓట్స్ అని వాడు గిన్నె ఖాళీ చేసి చూపిస్తాడురా, బతిమాలే పనే లేదు.

అర కప్పు పొడికి ముప్పావు కప్పు మరిగిన నీళ్లు, మూతపెట్టి మూడు నిమిషాలు. వేయించిన శెనక్కాయలు కూడా బాగుంటాయి గానీ మీ బుడ్డోడికి పలుకులు వద్దు, గొంతుకు అడ్డంపడతాయి, పొడి చేసి కలుపు. అవి పడ్డ డబ్బా ఎక్కువ రోజులుంటే ముక్కవాసన వస్తుంది, కొంచెం కొంచెమే చేసుకో. తడి గరిటె తగలనీకు.

రాగిజావ మానెయ్యమని కాదురా, నాకు ఎప్పటికీ అదే ముందు. ఇది హడావుడి పొద్దులకి.

వచ్చే నెల కొండకు వస్తున్నారుగా, ఒకరోజు ముందే దిగండి, నలుగురు పిల్లకాయల్నీ కూర్చోబెట్టి కలిపిద్దాం. మీ వైపు మంచి తాండ్ర దొరికితే తెచ్చిపెట్టు, మాది అయిపోవచ్చింది.

నీ
తిరుపతి నేస్తం