మీ కీబోర్డుల్లో నేను వేసిన 74 స్విచ్చుల సంగతి

చిక్కడపల్లిలోని మా రిపేరు షాపుకు ఏళ్ల తరబడి వస్తున్న అందరికీ నమస్కారం.

గత జూన్ నుంచి ఆగస్టు దాకా మా దగ్గర పాత మెకానికల్ కీబోర్డులు (ఒక్కో కీ కింద ఒక్కో విడి స్విచ్ ఉండేవి) బాగు చేయించుకున్నవాళ్లలో 31 మందికి నేను కొత్తవని చెప్పి వేసిన స్విచ్చులు కొత్తవి కావు. వేసేటప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. తెలిసిన రోజు నుంచి కంటి నిండా నిద్ర లేదు. మొత్తం 74 స్విచ్చులు. పైసా తీసుకోకుండా అన్నీ మార్చి ఇస్తాను. ముందు ఈ మాట చెప్పేశాను కాబట్టి మిగతాది తీరిగ్గా చదవండి.

మొదట పట్టుకున్నది మీలోనే ఒకరు, డీటీపీ చేసే అక్క. "తమ్ముడూ, అమ్మ అని కొడితే మమ అని పడుతోంది" అంటూ వచ్చింది. ఆవిడ యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరిక మీద కొడుతుంది. అందులో డి కీ నొక్కితే పొల్లు, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే అ. ఆ ఒక్క కీ పోతే అకారం పోతుంది, దాదాపు ఒత్తులన్నీ పోతాయి. పద్దు కాస్తా పదదు అవుతుంది. పేజీకి ఇంత అని లెక్క కట్టి బతికేవాళ్లకు అది ఒక కీ నష్టం కాదు, ఆ రోజు పనంతా ఆగిపోయినట్టే.

అప్పటికి ఆ డి కింద స్విచ్ నేను వేసి ఎనిమిది వారాలే. అందుకే ముందు నా సోల్డరింగ్‌నే అనుమానించాను. వెనక మూత తీసి, డి స్విచ్ రెండు పిన్నులనూ ట్వీజర్‌తో కలిపి తాకించాను. తాకించిన ప్రతిసారీ తెర మీద అక్షరం పడింది. అంటే బోర్డు బాగుంది, కేబుల్ బాగుంది, టంకం బాగుంది. తర్వాత మీటర్‌ను బీప్ మీద పెట్టి కీ నొక్కుతూ పోయాను. పదిసార్లు నొక్కితే మూడుసార్లే మోగింది. టిక్కుమనే చప్పుడు మాత్రం పదిసార్లూ వచ్చింది. చాలామంది పొరబడేది ఇక్కడే. నేను వేసిన ఈ నీలం రకం స్విచ్చుల్లో చప్పుడు చేసేది లోపల జారే ప్లాస్టిక్ ముక్క, కరెంటును కలిపేది పక్కనున్న సన్నటి లోహపు రేకు. టిక్కుమన్నంత మాత్రాన కీ పనిచేసినట్టు కాదు.

సోల్డరింగ్ ఐరన్, కరిగిన టంకాన్ని పీల్చే సక్కర్ పట్టుకుని ఆ స్విచ్‌ను బయటికి తీశాను. నాలుగు కొక్కేలు వదులు చేసి పైభాగం లేపితే లోపల రేకు మీద జిడ్డు, జిడ్డుకు అంటుకున్న బూడిదరంగు ధూళి. పిన్నును భూతద్దం కింద పెట్టి చూశాను. నా టంకం మెరుస్తోంది. దాని కింద, పిన్ను మొదట్లో, మసకబారిన ఇంకో టంకం ఉంది. అది నాది కాదు. ప్యాకెట్‌లో మిగిలిన స్విచ్చులు బల్ల మీద పోసి ఒక్కొక్కటే చూశాను. చాలావాటికి అదే మరక.

అవి ఎక్కడో పాత కీబోర్డుల నుంచి పీకి, కడిగి, లోపల నూనె స్ప్రే కొట్టి, ప్యాకెట్‌లో పోసి అమ్మినవి. నూనె కొన్ని వారాలు పనిచేయిస్తుంది. ఆ తర్వాత అదే ధూళిని పట్టి ఉంచుతుంది. నేను వేసిన రోజు అన్నీ పరీక్షించాను, అన్నీ పాసయ్యాయి. పిన్నులను మాత్రం భూతద్దం కింద చూడలేదు. పన్నెండేళ్లుగా ఒకే మనిషి దగ్గర కొంటున్నాను, చూడాలని తట్టలేదు. ఆ తప్పు నాదే.

ఆ మనిషికి ఫోన్ చేశాను. "అన్నా, అందరికీ ఇదే మాల్ ఇస్తున్న. ఎవ్వరూ ఏమంటలేరు. మీకొక్కరికే ఎందుకొస్తుంది లొల్లి?" అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన బాధ అంతా ఇంతా కాదు. లాక్‌డౌన్‌లో ఆయనకు డబ్బు అవసరమైతే సరుకు రాకముందే అడ్వాన్స్ పంపినవాణ్ని. ఫోటోలు పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు, మిగిలినవి తిరిగి పంపితే సగం డబ్బు ఇస్తానన్నాడు. నేను పంపలేదు. పంపితే అవి విజయవాడలోనో వరంగల్‌లోనో నాలాంటి ఇంకొకరి బల్ల మీదికి చేరతాయి. మిగిలిన 126 స్విచ్చుల పిన్నులూ కత్తిరించేశాను. డబ్బు పోతే పోయింది. ఇక ఆయన దగ్గర ఒక్క స్క్రూ కూడా కొనను.

నన్ను నిజంగా నలిపేసింది ఆ తర్వాతి ప్రశ్న. ఇప్పుడు వాటి స్థానంలో ఏం వేయాలి? మీలో ఎక్కువమంది తెచ్చేవి చెర్రీ కంపెనీ ఎంఎక్స్ బ్లూ అనే నీలం స్విచ్చులు ఉన్న పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డులే. అవే రంధ్రాల్లో సరిపోయే వేరే కంపెనీల కొత్త నీలం స్విచ్చులు దొరుకుతున్నాయి, ధర కూడా తక్కువే. మా ఆవిడ, "అవే వేసెయ్యి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అంది. తనూ పద్నాలుగేళ్లు టైప్ చేసిన మనిషి కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. మూడు రాత్రులు ఆలోచించాను. చివరికి ఒక కీబోర్డులో ఆ కొత్త స్విచ్ ఒకటి వేసి, ఎక్కడ వేశానో చెప్పకుండా తన ముందు పెట్టాను. మూడో లైన్‌లో ఆగింది. "ఎడమ చేతి మధ్యవేలు కింద ఏదో తేడాగా ఉంది" అంది. అది సరిగ్గా డి కీ.

ఇంకేమీ అనకుండా లేచి వెళ్లి, అల్మారాలోంచి తన కీబోర్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. 2003లో నేను కొనిచ్చినది. స్పేస్ బార్ మీద కుడి బొటనవేలు పడే చోట ప్లాస్టిక్ అద్దంలా నునుపెక్కి ఉంటుంది. అందులో 104 స్విచ్చులు. అన్నీ విప్పాను, రేకులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, ఒక్కొక్కదాన్నీ మీటర్ మీద వందసార్లు నొక్కి చూశాను. 96 నిలిచాయి. మీకు వేయబోయేవి అవే. ఇవీ పాతవే, దాచడం లేదు. కానీ ఎక్కడ పనిచేశాయో, ఎవరి చేతి కింద నలిగాయో నాకు తెలుసు. పాతది వేయడం తప్పనలేదు, పాతదాన్ని కొత్తదని అంటగట్టారనే నా కోపం. వద్దు, కొత్త రకమే కావాలి అంటే అదీ వేస్తాను, ముందు చెప్పే వేస్తాను.

ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు ఉన్న ఇద్దరు ముగ్గురు కంగారు పడకండి. వాటిలో ఇలాంటి విడి స్విచ్చులే ఉండవు. స్ప్రింగ్ వంగి కింది పొరను నొక్కుతుంది. అక్కడ కీలు చచ్చిపోతే చాలాసార్లు కారణం వెనక విరిగిన ప్లాస్టిక్ రివెట్లు. వాటికి నేను వేసిన బోల్టులు వేరే చోట కొన్నవి.

మీ వంతు వచ్చేలోపు ఇంట్లో ఒకటి చూసుకోండి. ఒక్క కీ మాత్రమే పడకపోయినా, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నా అది ఆ స్విచ్చే కావచ్చు. వరుసగా కొన్ని కీలు ఒకేసారి పోతే స్విచ్ కాదు, బోర్డు మీద గీత తెగడమో ఇంకేదో, అదీ చూస్తాను. టీ ఒలికితే ఆరబెట్టి మళ్లీ వాడకండి, చక్కెర లోపలే ఉండిపోతుంది. దయచేసి తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి. కీబోర్డు కేబుల్ చివర గుండ్రటి పీఎస్/2 పిన్ను ఉన్నవాళ్లు కంప్యూటర్ ఆఫ్ చేశాకే తీయండి.

"ఇంత తంటా ఎందుకు, సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పోయి కొత్తది కొనుక్కోమని చెప్పెయ్" అని నాకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఇరవై ఏళ్లుగా చేతికి అలవాటైన కీబోర్డును నన్ను నమ్మి ఇచ్చిన మనిషికి ఆ మాట నేను చెప్పను.

31 మందికీ నేనే ఫోన్ చేస్తున్నాను, ఇప్పటికి 19 మందితో మాట్లాడాను. ఈ నెలంతా ఆదివారాలు కూడా షాపు తీసే ఉంటుంది. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇస్తాను. పని ఆపుకోలేనివాళ్లకు ఆ పూటకు వాడుకోవడానికి నా దగ్గర రెండు కీబోర్డులున్నాయి, అడగండి. రసీదు పోయినా పర్వాలేదు, ఏ కీబోర్డులో ఏ కీ కింద వేశానో నా నోట్‌బుక్‌లో రాసి ఉంది.