పానగల్లు చెరువు మీద పల్లాస్ గల్

ఒరేయ్ శీనూ,

రాత్రి పన్నెండయింది, నిద్ర పట్టట్లేదు. మన నల్గొండ పానగల్లు చెరువు మీద పల్లాస్ గల్, ఆ పెద్ద సముద్రపు పిట్ట, దిగిందిరా! ఒక్కటే. నిన్న చూశాను, ఇవాళ పొద్దున కూడా అక్కడే ఉంది.

నిన్న ఆరున్నరకు కట్ట మీదికి పోయేసరికి మంచు ఇంకా విడవలేదు. ఎప్పటిలాగే బొల్లికోళ్లు, నీటికాకులు, రాళ్ల మీద ఐదారు రివర్ టర్న్ పిట్టలు. లెక్క రాసుకుని ఛాయా సోమేశ్వరం గుడి వైపు పోదామనుకుంటుంటే, వల తీస్తున్న తెప్ప దగ్గర నీళ్ల మీద ఒక తెల్లపిట్ట. గల్‌లలో ఇంకో రకం, బ్రౌన్ హెడెడ్ గల్ అనుకున్నా. అదైనా సంతోషమే కదా. కానీ అది లేచొచ్చి టర్న్‌ల పక్కన వాలేసరికి ఒళ్లు జలదరించింది. వాటి పక్కన అది రెండింతలుంది! కాళ్లు పసుపు. బ్రౌన్ హెడెడ్‌కైతే ఎర్రగా ఉండాలి. ముక్కు లావుగా పసుపుగా ఉండి, కొస దగ్గర నల్ల పట్టీ, ఎరుపు. చలికాలం కాబట్టి తల నల్లగా లేదు, కంటి నుంచి మెడ వెనక దాకా మసి పూసినట్టుంది, కంటికి పైనా కిందా తెల్లటి గీతలు. రెక్కలు విప్పితే ఐదడుగులు దాటుతుంది, గద్ద కూడా అంత ఉండదు. బైనాక్యులర్ వణుకుతుంటే మోకాళ్లకు ఆనించుకుని చూశాను.

తెప్ప మీది తాతను అడిగితే, "నాలుగు రోజులాయె బిడ్డా, వల గుంజంగనే ఒస్తది, మేం ఇడిసిన చిన్న చేపలు ఏరుకుంటది" అన్నాడు. ఆ మాట తల్లోంచి పోవట్లేదు. ఎక్కడో మంగోలియా వైపో, మధ్య ఆసియా సరస్సుల మీదో పుట్టిన పిట్ట, నువ్వు కాకినాడలో చూసినవాటిలా ఎక్కువగా సముద్రం ఒడ్డున కనిపించేది, కందూరు చోళుల నాటి ఈ చెరువులో, మన ఉదయసముద్రంలో, సాగర్ నుంచి ఎత్తిపోసిన నీళ్ల మీద కూర్చుని మన తాత వదిలేసిన చేప తింటోంది!

ఒక్కటే టెన్షన్. సంక్రాంతి దగ్గర పడింది, కట్ట మీద పతంగులు మొదలయ్యాయి. చైనా మాంజాను ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2017లోనే నిషేధించినా పిల్లల చేతుల్లో అదే కనిపిస్తోంది. అంత పెద్ద రెక్కకు ఆ దారం తగిలితే ఇంకేముంది. సాయంత్రం పోయి ఆ పిల్లలకు బైనాక్యులర్ ఇచ్చి పిట్టను చూపించాను. ఇద్దరు తమ చరఖాలు పక్కన పెట్టేసి చీకటి పడేదాకా నాతోనే కూర్చున్నారు. మిగతావాళ్లతో రేపు మళ్లీ మాట్లాడాలి.

ఫోటోలు పంపుతున్నా, చాలావాటిలో మంచే ఉంది, మూడింటిలో మాత్రం ముక్కు స్పష్టంగా పడింది. కాకినాడలో దగ్గర నుంచి చూసినవాడివి నువ్వే, ఇది ఈడు పిట్టా (పూర్తిగా పెరిగిందా) కాదా చెప్పు. తోక కొసన నల్లపట్టీ కనిపించలేదు కాబట్టి నాకైతే ఈడు పిట్టే అనిపిస్తోంది. ఈ ఆదివారం మొదటి బస్సుకు రా, స్టాండు నాది ఉంది, నీ స్కోపు ఒక్కటి తెస్తే చాలు. ఇది ఫిబ్రవరి దాకా ఆగితే తల నల్లబడటం కూడా ఇక్కడే చూస్తాం, అప్పుడు ఇంకోసారి రావాలి నువ్వు.

నీ
రమేశ్